బూడిదలో దాచిన గింజలు

1963 జూన్. గుంటూరులో ఒక ఆడపిల్లల కాలేజీలో వృక్షశాస్త్రం డిమాన్‌స్ట్రేటర్‌గా చేరి ఏడాదైంది. నల్లపాడులో అద్దె గది తీసుకుని ఒక్కదాన్నే ఉండేదాన్ని. సెలవుల్లో ఎవరితోనూ మాట లేకుండానే పొద్దు గడిచిపోయేది.

ఒక ఉదయం పక్కింటి మరియమ్మ గారు చిన్న పిడత పట్టుకుని వచ్చారు. బడి నుంచి రిటైరైన టీచరు. ఆవిడ భర్త కాంపౌండరు. ఒక దొర డాక్టరు స్వదేశానికి పోతూ ఇచ్చిన మొక్కని ఆయన పెరట్లో వేపచెట్టుకి కొబ్బరితాడుతో కట్టారట. అనాస కుటుంబానిదే గానీ దానికి మట్టి అక్కర్లేదు, చెట్టుకొమ్మల మీదే బతుకుతుంది. అలాంటివాటిని ఎపిఫైట్ అంటాం. భర్త చనిపోయాక అది ఒక్కసారి పూసి, పిలక వెయ్యకుండానే ఎండిపోయింది.

"కాయ పగిలితే గింజలు దూదిలా ఎగిరాయమ్మా. చేతికందినవి ఏరి, మిరప గింజల్లాగే బూడిదలో దాచాను, నిరుడు. తొలకరి వచ్చిందిగా, మొలిపించు."

"ప్రయత్నిస్తానండీ."

"నాకు కాఫీ కలపకముందే దానికి నీళ్లు చల్లేవారు ఆయన. ఒళ్లు మండేది. ఇప్పుడు అదీ లేదు."

గింజలకు జెర్మినేషన్ టెస్ట్ పెట్టాను. పెట్రీ డిష్ అనే గాజు పళ్లెంలో తడి కాగితం మీద పరిచి, వెలుతురులో ఉంచి, మొలకల కోసం చూడడమే ఆ పరీక్ష. 'ఏమీ లేదు' అని రోజూ డైరీలో రాసుకున్నాను. చివరికి బూజు పట్టింది. అప్పుడు లైబ్రరీలో వెతికితే తెలిసింది, ఈ జాతి గింజలు కొన్ని నెలలే బతుకుతాయని.

ఆవిడకి ఎలా చెప్పాలో తెలియక, కాలేజీకి రైలెక్కే స్టేషనుకి ఆవిడ గుమ్మం ముందు నుంచి కాక వెనక సందులోంచి పోవడం మొదలుపెట్టాను. అయిదో రోజు ఆవిడే ఆ సందులో ఎదురయ్యారు.

"దొంగలా పోతున్నావేమే పిల్లా. చచ్చాయా?"

"చచ్చాయండీ. మిరప గింజ ఏడాది ఆగుతుంది. ఇవి ఆగవు. రాలిన వెంటనే తడి తగలాలి."

"అయితే దాచి నేనే చంపాను."

"మీ చేతికి చిక్కనివి ఎటు పోయాయండీ?" అని అడిగాను.

"గాలికి పోయాయి. ఎటని చెప్పను?"

ఇద్దరం పెరట్లోకి వెళ్లి చూశాం. పక్షుల కోసం వేపకొమ్మకి వేలాడదీసిన నీళ్ల ముంత చెమ్మగిల్లి, దాని కొబ్బరితాడు ఎప్పుడూ తడిగా ఉంటుంది. ఆ పీచులో మూడు ఆకుపచ్చ మొలకలు, ఒక్కొక్కటి బియ్యపు గింజంత.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "రోజూ ఈ ముంతలో నీళ్లు పోస్తున్నది నేనేగా."

ఆ తర్వాత ఎవరు గింజలు తెచ్చినా, నేను మొదట అడిగేది ఎప్పుడు రాలాయనే. సందు దారి మానేశాను. పొద్దున్నే ముంతలో నీళ్లు పోస్తూ మరియమ్మ గారు గోడ మీదుగా ఒక మాట అడిగేవారు, నేనొక మాట చెప్పేదాన్ని. కొన్ని రోజులైతే పొద్దంతటికీ నేను మాట్లాడేది అంతే.