ఇంజిన్ లైటు, అక్క ఉలవలు
ఆ లైటు మొదటిసారి వెలిగింది ఒక గురువారం సాయంత్రం. అక్కను దిగబెట్టి మేడ్చల్‌లోని మా ఇంటికి తిరిగి వస్తుంటే, స్పీడు ముల్లు పక్కన పసుపుపచ్చని ఇంజిన్ బొమ్మ కనిపించింది. బండి నడకలో తేడా ఏమీ లేదు. ఇల్లు చేరగానే కిలోమీటర్ల అంకె, వేళ, వెళ్ళివచ్చిన దారి, ఆ రోజు బండితో చేసిన పనులు డైరీలో రాసుకున్నాను.

అది నేను రిటైరై కొన్నేళ్ళయిన కాలం. శామీర్‌పేట వైపు పల్లెలో ఉండే మా అక్కకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. చేతికర్రతో మంచం నుంచి వాకిలిదాకా నడిచేది, అంతే. ప్రతి గురువారం సుచిత్ర సెంటర్లో కాలికి వ్యాయామం చేయించే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. మధ్యలో మానేస్తే కాలు బిగుసుకుపోయి, ఆ తరువాత నడక కష్టమని ఆయన ముందే చెప్పాడు. బస్సు మెట్లు ఆమె ఎక్కలేదు. నా కారే ఆధారం.

మర్నాడు మేడ్చల్‌లో నాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. డాష్‌బోర్డు కింద రెండు పిన్నులను చిన్న వైరుతో కలిపి తాళం తిప్పాడు. లైటు ఒకసారి వెలిగి ఆగింది, తరువాత వరుసగా మూడుసార్లు వెలిగింది.

“ఒకటి, మూడు. అంటే ఆక్సిజన్ సెన్సార్ సార్. సైలెన్సర్ గొట్టానికి ముక్కు లెక్క. పొగ వాసన జూసి, పెట్రోల్ ఎక్కువైందా తక్కువైందా ఇంజిన్‌కు జెప్తది. గది పాడైంది.”

కొత్తది బిగించాడు. లైటు ఆరిపోయింది.

తరువాతి గురువారం అక్కను ఎక్కించుకుని ఊరు దాటానో లేదో మళ్ళీ వెలిగింది. అక్క చూడనే చూసింది.

“గదేందిరా ఎలుగుతాంది?”

“ఏదో సెన్సార్ అక్కా. బండి ఆగదు.”

“ఆగితే నన్నెవడు మోస్తడు? నువ్వా? నీ నడుమే నీకు బరువాయె.”

దారి పొడుగునా డోర్ పిడి వదల్లేదు. తిరిగి దిగబెట్టాక తేల్చి చెప్పింది. “గా లైటు ఆరిందాక నేనెక్క తమ్మీ. కాలు బిగుసుకుంటే బిగుసుకోనీ.”

మెకానిక్ ఈసారి పెట్రోల్ కల్తీ అన్నాడు. “మస్తు పరేషాన్ గాకుండ్రి సార్. లైటు మీద నల్లటేపు ఏస్త, అక్కకు కనవడది.” వద్దన్నాను. అక్కను మోసం చేసి ఎక్కించడం నా వల్ల కాదు.

ఆ రాత్రి రెండు గురువారాల పేజీలు పక్కపక్కన పెట్టి చదివాను. రెండింటిలోనూ ఒకే మాట ఉంది: అక్క ఇంటి ముందు ఉలవల మీద కారు తిప్పాను.

ఆ రోజుల్లో కోసిన ఉలవ చెట్లను రోడ్డు మీద పరిచేవాళ్ళు. వచ్చే పోయే బండ్లు తొక్కితే గింజ రాలేది. నా కారు ఆగగానే అక్క వాకిట్లోంచి కేకేసేది: “తమ్మీ, ఎట్లాగూ వచ్చినవ్, రెండు సార్లు అటిటు తిప్పు. బంతి కట్టి తొక్కియ్యటానికి ఎడ్లేడున్నయ్?” కాదనలేక తిప్పేవాణ్ణి. మొదటి వారం ఎనిమిది సార్లు, రెండో వారం పన్నెండు.

ఉదయం ఆ పేజీలు మెకానిక్‌కు చదివి వినిపించాను. కారును షెడ్డులోని గుంత మీదికి ఎక్కించి, అందులోకి దిగి కింద చూశాడు. చక్రాలు తిప్పే కడ్డీకి ఎండిన ఉలవ తీగలు తాడులా చుట్టుకుని ఉన్నాయి. అవి సెన్సార్ వైరును లాగి వేడి గొట్టానికి ఆనించాయి. వైరు పైతొడుగు కరిగిపోయింది. తీగలను కొడవలితో కోయాల్సి వచ్చింది. వైరు మార్చాక లైటు ఆరిపోయింది.

“కొత్త సెన్సార్ ఉట్టిగనే మార్చిన సార్,” అన్నాడు తల వంచుకుని. ఆ పాతది మంచిదేనట.

గురువారం అక్క ఇంటికి వెళ్ళేసరికి రోడ్డు నిండా మళ్ళీ ఉలవలే. వాటికి ఇవతలే కారు ఆపి, నడిచి వెళ్ళి జరిగింది చెప్పాను.

“అంటే నా ఉలవలే నా కాలుకు అడ్డంవడ్డయా?” అని నవ్వింది. తరువాత కారున్న దూరం చూసింది. “గంత దూరం నడవాల్నా?”

“లేకుంటే ఉలవలు ఎత్తించాలి.”

“పొద్దుగాల్నే పరిపిస్తి, ఇప్పుడెత్తుతనా!”

కర్ర తీసుకుని లేచింది. రోడ్డు అంచున, తీగలు లేని చోట అడుగు వేసింది. నేను చెయ్యి అందించబోతే కర్రతో నెట్టేసింది. సగంలో ఒకసారి ఆగి, కొంగుతో ముఖం తుడుచుకుని మళ్ళీ కదిలింది. సీట్లో కూర్చున్నాక చాలాసేపు ఆయాసపడింది. డాష్‌బోర్డు వైపు చూడనేలేదు.

“వచ్చే వారం ఇంకింత దూరం ఆపు తమ్మీ,” అంది.