చౌడప్ప మామ గీసే చెవులు

మా చౌడప్ప మామ ఏ తోలుబొమ్మ చేసినా దాని చెవులు చేటలంత ఉంటాయి. దేవుడని లేదు, రాక్షసుడని లేదు. రావణుడి పది తలలకూ ఇరవై చేటలు తగిలించేసరికి ఏ చెవి ఏ తలదో చేసినవాడికే తెలియకుండా పోయింది.

ధర్మవరంలో నా కొట్లో ఆయన బొమ్మలూ తోలు లాంపులూ అమ్ముతాను. అమ్ముతానని నేననుకుంటాను. వచ్చినవాళ్ళు ఆ చెవులు చూసి నవ్వుకుని, ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు.

"సీతమ్మకు ఇంతింత చెవులేంది మామా?"

"అశోకవనంలో కూచ్చోని రాముడి అడుగుల చప్పుడు వినాల గదప్పా. నీకున్నట్ల బుల్లి చెవులుంటే యాడ వినపడతాది?"

"మరి కుంభకర్ణునికి మాత్రం చెవులే పెట్టల్యా?"

"నిద్రపోయేటోనికి చెవులెందుకు? దండగ!"

ప్రతి చెవిలోనూ నత్తగుల్లలా చుట్టలు చుట్టిన గీత, ఆ గీత పొడుగునా ఉలితో పొడిచిన సన్నటి చుక్కలు. వెనక దీపం పెడితే ఆ చుక్కలు వెలిగేవి. ఎంత వెక్కిరించినా అది అందంగానే ఉండేది. పైగా చేతులకు కట్టినట్టు చెవులకు కూడా దారంతో కీళ్ళు కట్టేవాడు.

"చెయ్యి ఊగేది చూసినాం. చెవి ఊగేదేంది మామా?"

"గాలాడద్దా?"

మొదట్లో ఆయనా అందరిలాగే మామూలు చెవులే గీసేవాడు. తెర వెనక ఆయన మద్దెల వాయిస్తే, ఆయన భార్య బయమ్మత్త పక్కనే కూర్చుని ఆడవేషాల పాటలన్నీ పాడేది. రానురాను ఆమెకు వినికిడి పోయింది. చెవి మిషను పెడితే గోల తప్ప మాట తెలియలేదు. ఒక ఆటలో మద్దెల ఒక దారినా పాట ఒక దారినా పోయేసరికి జనం నవ్వారు. ఆమె పాడటం మానేసింది. ఆయన మద్దెలను అటక ఎక్కించాడు.

డాక్టరు చూపించిన చెవి పటం గురించి ఒకసారి చెప్పుకున్నాడు.

"దేవుడు గూడా మన పనోడే వీరేషూ. చెవిలోపల తోలు బిగించినాడు. దాని ఎనకాల నత్తగుల్ల, దాంట్లో సన్నటి ఎంటికలు. పెద్ద చప్పుడుకు అవి చచ్చిపోతాయంట. శెనక్కాయ ఎండిపోతే మళ్ళేడు ఇత్తుకుంటాం. అవి మళ్ళా మొలవవంట. నా మద్దెలేరా ఆమె చెవులు తినింది. ముందే తెలిసింటే ఆమెను అంత పక్కన కూచ్చోబెట్టింటానా?"

ఆ బాధే బొమ్మల చెవుల్లోకి ఎక్కిందని అందరం అనుకున్నాం.

ఈ ఏడు కూడా వాన మొహం చాటేసింది. బత్తలపల్లె దగ్గర ఒక ఊరివాళ్ళు వచ్చి, ఆడితే వాన పడుతుందని విరాటపర్వం ఆడమన్నారు. సైరంధ్రి పాటలు మీ అత్తే పాడుతుందని మామ ప్రకటించాడు.

"మళ్ళా నలుగుర్లో నన్ను నగుబాటు చేస్తావా?" అని అత్త మండిపడింది. ఆమెను ఎలా ఒప్పించాడో, చివరికి వచ్చి కూర్చుంది.

తెర అంచున బృహన్నల బొమ్మను ముల్లుతో గుచ్చి నిలబెట్టారు. మద్దెల మోగగానే దాని చెవులు టపటపా ఊగాయి. జనం విరగబడి నవ్వారు.

"గాలి బాగా ఆడతాండాదప్పా!" అని ఎవడో అరిచాడు.

మళ్ళీ నగుబాటే అనుకున్నాను. తెర వెనక్కి పరిగెత్తాను. బొమ్మ చెవుల నుంచి వచ్చిన దారం మామ కాలి బొటనవేలికి కట్టి ఉంది. చేతులు మద్దెల మీద ఆడుతుంటే, దెబ్బదెబ్బకూ వేలు దారాన్ని లాగుతోంది. బయమ్మత్త కళ్ళు ఆ చెవుల మీదే ఉన్నాయి. చెవి ఊగగానే ఆమె పాట అందుకుంది.

నవ్వులు ఆగిపోయాయి. గొంతు మునుపటిది కాదు, శ్రుతి అక్కడక్కడా జారింది. తన పాట తనకే వినపడకుండా ఆమె పాడుతోందని తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. తాళం మాత్రం ఒక్కచోట తప్ప ఎక్కడా తప్పలేదు.

ఆ ఒక్కచోటు సంగతి ఆట అయ్యాక ఆమే ఎత్తింది.

"కీచకుడు సచ్చే కాడ చెవి నిదానంగా ఊగినాది. తప్పింది నేను గాదు, నువ్వు."

మామ ఆమెకు తెలిసేలా నోరు పెద్దగా తెరిచి చెప్పాడు. "ఏలికి చీమ కుట్టినాదే!"

"చీమ కుడితే తాళం తప్పుతావా? సిగ్గుల్యా?" అని అత్త పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

వాన మాత్రం రాలేదు. మొన్న మామ కొట్టుకు కొత్త బొమ్మలు తెచ్చాడు. చెవులు ఎప్పటిలాగే ఉన్నాయి. ఈసారి ఒక్కో బొమ్మకు కాలి బొటనవేలు సొరకాయంత ఉంది.

"ఇదేంది మామా, మళ్ళీ?"

మామ సిగ్గుపడుతూ తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"మీ అత్త గీయమనిందిలేప్పా."