ముద్దుపేరు

తమిళనాడులోని హోసూరు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పనిచేసే మునివెంకటమ్మను పదేళ్ళుగా పేరు పెట్టి పిలిచినవాడు లేడు. తెలుగువాళ్ళను ఎగతాళి చేసే ‘గొల్టి’ అన్న మాటతోనే పిలిచేవారు. ఆమెదేమో తరతరాలుగా ఆ హోసూరు దగ్గరి జవళగిరిలోనే గొర్రెలు కాసిన ఇల్లు. 2004లో నెల్లూరు నుంచి కొత్తగా చేరిన ప్రసాదు ఆ మాట మీద ఫిర్యాదు రాశాడు. ఆ మాటను ఖండిస్తూ ఊళ్ళో పోస్టర్లు వెలిశాయి, ఫ్యాక్టరీలో మీటింగు పెట్టారు. అది తిట్టా కాదా అని పెద్దమనుషులు రెండు గంటలు వాదించుకున్నారే గాని, మాట పడ్డ మనిషిని ఒక్కరూ అడగలేదు.

“ముద్దుగా పిలిచినాము, దానికింత రగడ ఎందుకు?” అన్నాడు సూపర్‌వైజర్ సెల్వరాజ్. కూతురికి పేరు పెట్టామని ఆ పొద్దున్నే అందరికీ మైసూర్‌పాకు పంచాడు.

మనవరాలి కోసం కొంగున ముడివేసుకున్న ఆ ముక్కను మునివెంకటమ్మ విప్పి అతని ముందు పెట్టింది.

“అంత ముద్దైన పేరయితే నీ బిడ్డకే పెట్టకపోయినావా, సెల్వరాజప్పా?”