నైట్ డ్యూటీ ఇంటి పాటలు

మా మొదటి ఆల్బం బాగుందని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. థాంక్స్ అంటాను, నవ్వుతాను, ఆ తరవాత ఆ మనిషిని మనసులో తిట్టుకుంటాను. పాపం, వాళ్ల తప్పేమీ లేదు. వాళ్లకి ఏవి నచ్చాయో నాకు తెలుసు. నేను గొంతు చించుకున్న చోట్లు, డ్రమ్స్ దద్దరిల్లిన చోట్లు. అవి మావి కావు. ఎవరివో నాకూ తెలీదు.

మాది బిలాస్‌పూర్ రైల్వే కాలనీ. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ రైల్వేలో చేరాడు. నాన్న గూడ్సు బళ్లు నడుపుతాడు. రాత్రంతా కోర్బా నుంచి బొగ్గు లాక్కొచ్చి తెల్లారాక ఇంటికొస్తాడు, పగలంతా పడుకుంటాడు. పడుకోవాలి కూడా. నిద్ర చాలని డ్రైవర్ ఇంజనెక్కితే ఏమవుతుందో మా క్వార్టర్లలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అందుకే మా లైన్లో ఒక పద్ధతి ఉంది. రాత్రి డ్యూటీ చేసొచ్చిన మనిషి లోపల పడుకుంటే గేటుకి ఎర్ర తువ్వాలు కడతారు. అది కనిపిస్తే కూరగాయల బండివాడు కేక వెయ్యడు, గ్యాసు తెచ్చేవాడు సిలిండర్ దొర్లించడు, ఎంత దగ్గర చుట్టాలైనా గేటు ముట్టుకోరు. తువ్వాలు విప్పాకే రావాలి.

నా చిన్నతనమంతా ఆ తువ్వాలు వెనకే గడిచింది. ఏడవాలన్నా దిండులో ముఖం పెట్టి ఏడవాలి. అమ్మ తిట్లు కూడా గుసగుసల్లోనే. గుసగుసగా తిడితే ఎంత భయమేస్తుందో తిన్నవాళ్లకే తెలుస్తుంది.

గిటార్ పట్టుకున్నాక కూడా అంతే. బ్యాండులో మేం ముగ్గురం. నేను పాడతాను, గిటార్ వాయిస్తాను. బేస్ వాయించేవాడు నా కాలేజీ స్నేహితుడు, పక్కనే ఉన్న చకర్‌భాటా ఊరి కుర్రాడు, తెలుగు ముక్క రాదు. డ్రమ్మర్ బ్యాంకు ఉద్యోగం మీద కరీంనగర్ నుంచి ఇక్కడికి వచ్చిపడ్డాడు. సాధన చెయ్యడానికి మా ముందుగది తప్ప వేరే చోటు లేదు. పక్కగదిలో నాన్న నిద్ర. అందుకని డ్రమ్మర్, నాన్న ఒకప్పుడు డ్యూటీకి మోసుకెళ్లిన రేకు పెట్టె మీద దుప్పటి మడిచి పరిచి వేళ్లతో వాయించేవాడు. బేస్ చప్పుడు తలుపు దాటేది కాదు. నేను పక్కవాళ్ల చెవిలో చెబుతున్నట్టు పాడేదాన్ని. అలా పాడీ పాడీ, ఇంకెవరైనా గొంతు పెంచే చోట నేను తగ్గించడం నేర్చుకున్నాను. బాధ ఎక్కువైన మాట దగ్గర ముగ్గురం ఇంకా తగ్గేవాళ్లం. మా బ్యాండు అంటే అదే. ఇంకో ఇంట్లో నేర్చుకుని ఉంటే అది మాకు వచ్చేది కాదు.

ఆల్బం చేద్దామనుకున్నాక రాయ్‌పూర్‌లో ఒక స్టూడియో మాట్లాడుకున్నాం. అక్కడి రికార్డిస్టు మంచివాడు, అదే నా ఖర్మ. చెడ్డవాడైతే పోట్లాడి వచ్చేసేదాన్ని. టీ తెప్పించాడు, హెడ్‌ఫోన్స్ సర్దాడు, ఎంతో ఓపికగా గొంతు విప్పమన్నాడు. రాక్ పాడుతూ ఇలా గొణిగితే ఎలా అన్నాడు. ఇక్కడ నిన్ను ఎవరూ ఏమీ అనరు, భయపడకు అన్నాడు. నాది భయం కాదని చెప్పాను. విన్నాడు, తలాడించాడు, మళ్లీ గొంతు విప్పమన్నాడు. నిజమైన డ్రమ్స్ దొరికిన ఆనందంలో మా డ్రమ్మర్ ఈ లోకంలో లేడు. బేస్ కుర్రాడు ముందునుంచీ రికార్డిస్టు పక్షమే. నెత్తీనోరూ కొట్టుకున్నా వినే నాథుడు లేక చివరికి గొంతు చించుకున్నాను. గాజుపలక అవతల అందరూ చప్పట్లు కొట్టారు.

పాటలన్నీ చేతికొచ్చాక ఒక సాయంత్రం నాన్న టీ తాగుతుంటే ఫోన్లో పెట్టాను. కళ్లు మూసుకుని రెండు పాటలు విన్నాడు.

"అచ్ఛా, బాగుంది," అన్నాడు. "ఎవులు పాడేరమ్మా ఇది?"

నేనే అని చెప్పాను. నాన్న నమ్మలేదు. నువ్వు పక్కగదిలో పాడేది ఇలగ ఉండదు కదా అన్నాడు. అప్పుడు తెలిసింది, ఇన్నేళ్లూ నిద్రలో మా పాటలు వింటూనే ఉన్నాడని. అవి వస్తుంటే బాగా నిద్ర పట్టేదట. మేం ఆపేస్తేనే మెలకువ వచ్చేదట. అది వినగానే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. రికార్డిస్టు మీద, మా బ్యాండు వాళ్లిద్దరి మీద, అందరికన్నా ఎక్కువ నా మీద. కన్నతండ్రి గుర్తుపట్టని గొంతు పెట్టుకుని నేను ఆల్బం విడుదల చేయబోతున్నాను.

మర్నాడే ఆ ఇద్దరినీ కూర్చోబెట్టి, పాటలన్నీ మా ముందుగదిలో మళ్లీ రికార్డు చేద్దామన్నాను. బేస్ కుర్రాడు నాకు పిచ్చి పట్టిందన్నాడు. డ్రమ్మర్ సెలవు దొరకదంటూ నీళ్లు నమిలాడు. కొన్నాళ్లు వాళ్ల వెంటపడ్డాను. ఆఖరికి ఒక్క మధ్యాహ్నం ఇస్తామన్నారు. ఆ మధ్యాహ్నం ఎన్ని పాటలు కుదిరితే అన్ని మార్చుకోవచ్చు, కుదరనివి స్టూడియోవే ఉంటాయి. ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను?

మే నెల. అరువు తెచ్చిన మైకూ లాప్‌టాపూ ముందుగదిలో పెట్టుకున్నాం. కూలర్ ఆపేశాం, ఫ్యాన్ ఆపేశాం, ఫోన్లు ఆపేశాం. అమ్మ పక్కింటావిడతో రతన్‌పూర్ గుడికి వెళ్లింది. నాన్న ముందురాత్రి డ్యూటీకి వెళ్లాడు, ఆ బండి ఆలస్యంగా బయల్దేరింది, సాయంత్రం దాటితే గానీ రాదు. ఇక మిగిలింది వీధి. దాని నోరు మూయించడానికి నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే. గేటుకి ఎర్ర తువ్వాలు కట్టి వచ్చాను. వీధి వీధంతా చప్పుడు లేకుండా అయిపోయింది.

అయినా కుదిరి చావలేదు. స్టూడియో మరిగిన చేతులు కదా, డ్రమ్మర్ పెట్టె పగిలేలా బాదుతున్నాడు. నా గొంతు కూడా నా మాట వినడం లేదు, ఊరికే పైకి పోతోంది. చెమటలు కక్కుతూ మొదటి పాటే మళ్లీ మళ్లీ చేశాం. ఒకసారి కుదిరేలా ఉందనుకుంటే ఇంజన్ల షెడ్ వైపు నుంచి హారన్ మోగింది. బేస్ కుర్రాడు ముఖం మాడ్చుకుని గడియారం వైపే చూస్తున్నాడు. విసుగొచ్చి ఆ పాట వదిలేసి, ఆల్బంలో చివరిది, మా ఇంటి తెలుగులో నేను రాసుకున్నది ఎత్తుకున్నాను. పక్కగది తలుపు తీసిపెట్టి, ఖాళీ మంచం మీద నాన్న ఉన్నాడనుకుని పాడాను. ఒక్కసారికే కుదిరింది. డ్రమ్మర్ వేళ్లు కూడా పాత దారికొచ్చాయి. ఇక మిగతావన్నీ వచ్చేస్తాయని నాకు ప్రాణం లేచొచ్చింది.

గాలి కోసం వీధి తలుపు తీశాను. గేటు అవతల నాన్న ఉన్నాడు.

మండుటెండ. తలకి రుమాలు కట్టుకుని తన డ్యూటీ బ్యాగు మీద కూర్చున్నాడు. రోజూ గతౌరా స్టేషన్ దగ్గర గంటలకొద్దీ ఆపేసే బొగ్గు బండికి ఆ రోజే దారి పొడుగునా సిగ్నల్ దొరికిందట. ఎప్పుడొచ్చాడో ఏమో, ముఖం కందిపోయింది, చొక్కా వీపుకి అతుక్కుపోయింది. నేను విరుచుకుపడ్డాను. సొంత ఇంట్లోకి రావడానికేమైంది, లోపల పడుకునే మనిషివి నువ్వే, నువ్వు బయట ఉంటే ఆ తువ్వాలుకి అర్థమేముంది అని అరిచాను. ఆ వీధిలో నేను అరవడం అదే మొదటిసారి అనుకుంటాను.

"ఎర్రగుడ్డ కట్టున్నాది కదే," అన్నాడు. "ఎలగొచ్చీమంటావు?"

తువ్వాలు విప్పాను. అప్పుడు గానీ లేవలేదు.

రాత్రంతా బండి నడిపి, ఎండలో మాడి వచ్చిన మనిషి. ఇంకో గంట ఆగమంటే ఆగేవాడే, అది నాకు తెలుసు. అడగలేదు. కూలర్ వేసి మంచం మీద దుప్పటి దులిపాను. బ్యాండు వాళ్లిద్దరూ సామాన్లు సర్దుకుని వెళ్లిపోయారు. ఇచ్చిన మధ్యాహ్నం అయిపోయింది.

అలా ఆల్బంలో ఒక్క పాటే మాది. అది వచ్చాక వినేవాళ్లు రాసే మాటలు చదువుతూనే ఉన్నాను. అన్నీ అదిరాయి, చివరిదొక్కటి ఇంట్లో ఫోన్లో రికార్డు చేసినట్టుంది అంటారు. దాన్ని తీసేసి స్టూడియోది పెడదామని బేస్ కుర్రాడు ఇప్పటికీ చెవిలో జోరీగలా పోరుతున్నాడు.

మొన్న నాన్న పగలు పడుకున్నాడు. రాత్రికి డ్యూటీ లేదు. ముందుగదిలో కూర్చుని ఆల్బం మొదటినుంచి పెట్టాను, సౌండు బాగా తగ్గించి. పాట వెంట పాట పోతోంది, లోపల నాన్న అటూ ఇటూ దొర్లుతున్నాడు. మంచం కిర్రుమంటూనే ఉంది. ఆ రేడియో ఆపండని మూలిగాడు కూడా. ఆపలేదు. చివరి పాట మొదలయ్యాక మంచం చప్పుడు ఆగిపోయింది. సగంలో గురక వినిపించింది. వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. నోరు కొద్దిగా తెరిచి, హాయిగా నిద్రపోతున్నాడు.

పాట అయిపోయింది. మంచం మళ్లీ కిర్రుమంది. మళ్లీ అదే పెట్టాను. పెట్టడానికి ఇంకోటి లేదు.