మెరిడెన్ కాల్చని తారాజువ్వ

"ఆ పొగ నీకు కనిపించిందా, లేదా?"

1864 వేసవిలో, బోఫర్ట్ రేవులో బొగ్గు నింపుకుంటున్న మెరిడెన్ ఓడ మీద, ఫిలడెల్ఫియా కోర్టు తరఫున వచ్చిన వకీలు కేటో స్వాన్‌ని అడిగిన ప్రశ్న ఇది. కేటో ఆ ఓడ బాయిలర్లలో బొగ్గు వేసి, బూడిద ఎత్తిపోసే మనిషి. అవునంటే ఓడలో ఉన్న ప్రతివాడికీ నష్టం. కాదంటే చచ్చిపోయిన అన్నకి నష్టం. అన్నకి ఇంకేం నష్టం అని మీరనుకోవచ్చు. వదినా అదే అనుకుంది.

మెరిడెన్ పుట్టుకతో యుద్ధనౌక కాదు. న్యూయార్క్‌లో జనాన్నీ గుర్రపు బళ్లనీ ఒడ్డు నుంచి ఒడ్డుకి చేరవేసే ఆవిరి పడవ. అమెరికాలో ఉత్తరాదికీ దక్షిణాదికీ యుద్ధం రాగానే ఉత్తరాది నౌకాదళం దాన్ని కొని, ఫిరంగులు బిగించి, దక్షిణాది రేవు విల్మింగ్టన్‌కి దారితీసే నది మొగ దగ్గర కాపలా పెట్టింది. దక్షిణాది పత్తి బయటికి పోకూడదు, బయటి తుపాకులు లోపలికి రాకూడదు. ఆ దిగ్బంధం గురించి ఇప్పుడు మా బోఫర్ట్‌లో ఏటేటా మే నెలలో ఉపన్యాసాలిస్తారు. స్వేచ్ఛ కోసం సముద్రం మీద కట్టిన గోడ అంటారు. ఆ గోడ మీద నిలబడ్డవాళ్లు మాత్రం వాటాల గురించి మాట్లాడుకునేవారు.

పట్టుబడిన ఓడనీ సరుకునీ కోర్టు వేలం వేస్తుంది. సగం సర్కారుకి, మిగతాది పట్టుకున్నవాళ్లకి, వాళ్ల వాళ్ల జీతాన్ని బట్టి. ఇక్కడే ఒక మెలిక ఉంది. పట్టుకునే వేళకి సైగ చేస్తే అందేంత దూరంలో ఉన్న మన ఓడలన్నిటికీ అందులో వాటా ఉంటుంది. అందుకని, తారాజువ్వ కాల్చి తోటి ఓడల్ని పిలవాల్సిన సమయంలో కెప్టెన్లు నోరు మూసుకు కూర్చునేవారు. ఇది అందరికీ తెలిసిన అలవాటే. దీని గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు.

కేటో, అతని అన్న ఎనస్ నది ఎగువన వరి పొలాల్లో బానిసలు. దొరది ఒక పడవ ఎత్తుకొచ్చి, తెడ్లు వేసుకుంటూ మెరిడెన్‌ని చేరారు. ఓడ వాళ్లని చేర్చుకుంది. పట్టీలో హోదా మాత్రం 'కుర్రాడు' అని రాసింది. ఎనస్ గడ్డం అప్పటికే నెరిసింది. కుర్రాడి హోదాకి కుర్రాడి జీతం, దానికి తగ్గ వాటా. ఎనస్ భార్య కెజయా తర్వాత ఎలాగో తప్పించుకుని బోఫర్ట్ చేరి, పారిపోయి వచ్చినవాళ్ల గుడిసెల్లో ఉంటూ నౌకాదళం అధికార్ల బట్టలు ఉతికేది. వాటా డబ్బుతో ఊళ్లో ఒక గది ఇల్లు కొంటానని ఎనస్ ఆమెకి మాటిచ్చాడు.

మే నెలలో ఒకరోజు, తెల్లారుతుండగా, పత్తితో బయటికి పారిపోతున్న ఓడ ఒకటి శత్రువుల కోట కింద ఇసుక మేటలో ఇరుక్కుంది. దాన్ని లాగడానికి మెరిడెన్ కెప్టెన్ లూమిస్ ఒక చిన్న పడవకి మోకు ఇచ్చి పంపాడు. తెడ్డు పట్టినవాళ్లలో ఎనస్ ఒకడు. అదే సమయంలో కేటో బూడిద బకెట్లు పారబోయడానికి పైకొచ్చాడు. దక్షిణాన పొగ కనిపించింది. పొగ కింద టమరాక్, మన ఓడే. సైగలవాడు తారాజువ్వ సిద్ధం చేశాడు.

"కాల్చమంటారా సార్?"

"ఆపు," అన్నాడు లూమిస్. "వాడికెందుకు సగం? వాడేం చేశాడని?"

కోట మీద ఫిరంగులు మొదలయ్యాయి. రెండు ఓడలుంటే ఒకటి కోట నోరు మూయించేది, ఒకటి మోకు లాగేది. మెరిడెన్ ఒక్కతే రెండూ చెయ్యబోయి, రెండూ నత్తనడకన చేసింది. రెండో గుండు చిన్న పడవ మీద పడింది. ఎనస్‌తో సహా నలుగురు పోయారు. సముద్రం పోటెత్తేసరికి పత్తి ఓడ మాత్రం క్షేమంగా తేలి మెరిడెన్ చేతికి చిక్కింది. ఫిరంగుల మోత విని టమరాక్ తనంతట తనే వచ్చేసరికి అంతా అయిపోయింది. అయినా వాటా అడిగింది. మేం ఎవర్నీ చూడలేదని లూమిస్ రాసిచ్చాడు. అందుకే వకీలు వచ్చాడు.

వకీలు వస్తున్నాడని తెలిసిన రోజున కేటో వదిన దగ్గరికి వెళ్లాడు. ఆమె చొక్కాలు పిండుతోంది.

"ఏం మరిదీ, వకీలుకి ఏం చెప్తావ్?"

"చూసింది చెప్తా వదినా."

"చెప్తే మీ అన్న వాటా సగానికి పడిపోద్ది. నీదీ పోద్ది. ఆయనెలాగూ లేచి రాడు. ఇల్లన్నా రానియ్యి."

"పిలిస్తే వచ్చేవాళ్లు వదినా. అక్కడే ఉన్నారు. ఆ మాట ఒక్కసారైనా కాగితం మీద పడాలి."

"అయితే ఆ కాగితం కప్పుకుని పడుకోమంటావా నన్ను?"

ఓడలో మల్విహిల్ అనే ఐరిష్ ఫిరంగివాడు ఇంకో రకంగా చెప్పాడు. "ఏరా స్వాన్, బూడిద మోసేవాడికి అంత దూరం కళ్లెలా ఆనతాయిరా? కంట్లో నలుసు పడిందని చెప్పు. నా వాటాలోంచి నీకో సీసా."

వకీలు అడిగినప్పుడు కేటో, "కనిపించిందండి," అన్నాడు.

"ఎంత స్పష్టంగా?"

"పొగ గొట్టం, రెండు తెరచాప స్తంభాలు, జెండా. తారాజువ్వ సిద్ధంగానే ఉందండి, కెప్టెనుగారు వద్దన్నారు. అది కాల్చుంటే మా అన్న..."

వకీలు కలం ఎత్తాడు. "నిన్నడిగింది పొగ గురించి. పడవ గురించి కాదు."

కాగితం మీద పొగ ఒక్కటే పడింది.

వాటా రెండు ఓడలకీ చీలింది. మెరిడెన్‌లో కేటోతో మాట్లాడేవాళ్లు లేకుండా పోయారు. టమరాక్ పక్కనుంచి వెళ్లినప్పుడల్లా దాని మనుషులు టోపీలు ఊపి అతనికి జేజేలు కొట్టేవారు. తిట్లకంటే అదే భరించలేకపోయానని అతను నాతో అన్నాడు. లూమిస్‌కి ఇంకా పెద్ద ఓడ ఇచ్చారు. యుద్ధమయ్యాక మెరిడెన్ ఫిరంగులు ఊడబీకి వేలం వేస్తే, అది మళ్లీ బళ్లు మోసుకోవడానికి న్యూయార్క్ వెళ్లిపోయింది.

కేటో తన వాటా మొత్తం కెజయా చేతిలో పెట్టాడు. తీసుకుంది. ఇంటికి చాలలేదు. ఆ తర్వాత అతను గడప తొక్కినప్పుడల్లా, "రండి సాక్షిగారూ, గంజి తాగుతారా?" అనేది. అతను కూర్చుని తాగేవాడు.

ఎనస్ వాటా కోసం ఆమె పెళ్లి రుజువు చేసుకోవాల్సి వచ్చింది. పొలాల్లో ఒక ముసలి బోధకుడు చేసిన పెళ్లి అది, కాగితమెక్కడిది? పాత దొరని అడిగితే, పారిపోయినవాళ్ల సంగతి నాకేం తెలుసన్నాడు. పెళ్లి చూశానని కేటో ప్రమాణం చేశాడు. నువ్వు ఇంటి మనిషివి, నీ సాక్ష్యం చెల్లదని సర్కారు నుంచి జవాబొచ్చింది. టమరాక్‌కి వాటా ఇప్పించడానికి సరిపోయిన నోరు, వదినకి ఇప్పించడానికి సరిపోలేదు.

కేటో కిందటి చలికాలంలో చనిపోయాడు. కెజయా ఇంకా బట్టలు ఉతుకుతోంది. ఎనస్ స్వాన్ వాటా నలభై ఒక్క డాలర్లు. అది ఆమెకి ఇంకా ముట్టలేదు.