కమీల్ బావ మూయించిన గాలి గొట్టం

కమీల్ దూబే మా ఒలీనక్క మొగుడు. మా నది వెంట ముప్పై మైళ్ల దాకా ఏ ఇంటి నేలమాళిగలో ఇల్లు వెచ్చబరిచే చమురు ఫర్నేస్ మూలిగినా ఫోన్ అతనికే వచ్చేది. గొట్టాల్లో మసి తీయడం, చమురు చిమ్మే ముక్కు మార్చడం, చిమ్నీ పొగను సరిగ్గా పైకి లాగుతోందో లేదో చూడటం అతని పని. చేతులకు మసి, నోటికి తిట్లు. ఆదివారం చర్చికి వచ్చినప్పుడు కూడా ఆ రెండూ పూర్తిగా వదిలేవి కావు.

అతని కోపమంతా ఒక్క విషయం మీదే. అక్టోబరు రాగానే మేమంతా ఇంటి పునాది చుట్టూ గడ్డిమోపులు పేర్చి, ప్లాస్టిక్ పట్టా కప్పి, చలి దూరే ప్రతి సందూ మూసేస్తాం. తాతల నాటి నుంచీ అంతే. తాతల కాలంలో ఇంట్లో ఫర్నేస్ లేదన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. బావ మెట్లు దిగి, ఫర్నేస్‌కు గాలి వచ్చే కన్నంలో కుక్కిన పాత దుప్పటి చూశాడంటే ఇక అంతే. దాన్ని పీకి మంచులోకి విసిరేసేవాడు.

"మంటకు గాలి కావాలమ్మా. నువ్వివ్వకపోతే చిమ్నీలోంచి లాక్కుంటుంది. దాంతోపాటు పొగ కూడా ఇంట్లోకే దిగుతుంది. చలికి ఎవరూ చావరు, స్వెట్టర్ వేసుకో" అనేవాడు. ఒకసారి చర్చి ఫాదర్ గారి దుప్పటి కూడా అలాగే మంచులో పడింది. ఊరు నెల రోజులు నవ్వుకుంది. నేనూ నవ్వాను.

తన ఇంట్లో మాత్రం బావ గోడకు కన్నం కొట్టి, బయటి గాలి నేరుగా ఫర్నేస్ పక్కకు వచ్చేలా గొట్టం పెట్టుకున్నాడు. ఏటా ఆ ఇంటి చుట్టూ మోపులు పేర్చేది నేనే. బంగాళాదుంపల రైతుని కదా, ట్రాక్టరూ గడ్డీ నా దగ్గరే ఉంటాయి. ఆ గొట్టం మూతి ముందు నాలుగు గడ్డిపరకలు పడితే చాలు, బావ నా వంశాన్నంతా పేరుపేరునా తలుచుకునేవాడు.

ఎనభై ఏడులో, నవంబరు మొదట్లో అక్కకు తుంటి ఎముక ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చాక రోజంతా వంటింట్లో కుర్చీలోనే. ఆ నేల కిందే గొట్టంలోంచి చలిగాలి వచ్చే నేలమాళిగ. అక్క కాళ్లు మంచుగడ్డల్లా అయ్యేవి. ఎప్పుడూ ఏడవని మనిషి చలికి ఏడ్చింది. బావ చూడలేకపోయాడు.

"నోర్బెర్, ఆ గొట్టం ముందు కూడా ఒక మోపు పెట్టరా" అన్నాడు నాతో.

నేను అతని మొహంలోకి చూశాను. "ఈ మాటంటున్నది నువ్వేనా బావా? జ్వరమేమైనా వచ్చిందా?"

"దానికి నయమయ్యేదాకా, రెండు వారాలే. నేలమాళిగ కిటికీ కాస్త తీసి ఉంచుతాలే. నువ్వు నాకు నేర్పుతావా?"

పెట్టాను. ఈ చేతులతోనే పెట్టాను.

రెండు వారాలు దాటినా అక్క కుర్చీలోనే ఉంది, మోపూ అక్కడే ఉంది. డిసెంబరు వచ్చేసరికి అక్కకు తలనొప్పి మొదలైంది. పొద్దున లేవగానే వికారం. బావకూ కొద్దిగా ఉండేది కానీ, అతను పగలంతా బయట తిరిగే మనిషి. నొప్పి మాత్రల వల్ల అయ్యుంటుందని డాక్టరు వాటిని తగ్గించాడు. ఆదివారం అక్కను చక్రాల కుర్చీలో చర్చికి తీసుకెళ్లేవాళ్లం. అక్కడికెళ్లిన అరగంటకే నొప్పి పోయేది.

"ఫాదర్ గారి ప్రసంగం విని తలనొప్పి తగ్గిన మనిషిని నిన్నే చూశానక్కా" అన్నాను.

"ఇంట్లో మీ బావ ప్రసంగం వినివినీ వచ్చిన నొప్పిరా ఇది" అంది అక్క. బావ కూడా నవ్వాడు.

క్రిస్మస్‌కు పది రోజుల ముందు, ఒక మంగళవారం పొద్దున పదిన్నరకు దోరీన్ సిర్ అనే ముసలమ్మ ఇంట్లో ఉన్నాం. బావ ట్రక్కు రిపేరులో ఉంటే నా బండిలో తీసుకెళ్లాను. బావ ఫర్నేస్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, బ్రష్‌తో మసి తీస్తూ, ప్రతి ఇంట్లోనూ అడిగే ప్రశ్నే అడిగాడు.

"దోరీనమ్మా, ఇంట్లో ఉంటే తలనొప్పి, వికారం, బయటికెళ్తే తగ్గిపోవడం, అలాంటిదేమైనా ఉందా?"

"నాకేం లేదు బాబూ, గుండ్రాయిలా ఉన్నాను" అంది ఆవిడ.

బావ చెయ్యి ఆగిపోయింది. బ్రష్ కింద పడింది. మెల్లగా నా వైపు తిరిగాడు. మసి కింద ఆ మొహం పాలిపోవడం నా కళ్లతో చూశాను. నాకూ అప్పుడే తట్టింది.

దోరీనమ్మ ఇంట్లోంచే అక్కకు ఫోన్ చేశాం. పద్నాలుగు సార్లు మోగింది. ఫోన్ అక్క కుర్చీ పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంటుంది. అంబులెన్స్‌కు చెప్పి, పదకొండు మైళ్లు మంచులో బండి తోలాను. దారిలో బావ ఒక్కసారే మాట్లాడాడు.

"కింది కిటికీ పక్కన నీళ్ల పైపు గడ్డకట్టిందని మూసేశానురా. కరిగాక తీద్దామనుకున్నాను. మర్చిపోయాను."

తలుపు తీస్తే వంటిల్లు వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనమే నేనిప్పటికీ మర్చిపోలేను. అక్క టేబుల్ మీద తల వాల్చి ఉంది. బుగ్గలు పడుచుపిల్ల బుగ్గల్లా ఎర్రగా ఉన్నాయి. నిద్రపోతోందని, ఆ నెల రోజుల్లో ఎప్పుడూ లేనంత ఆరోగ్యంగా ఉందని ఒక్క క్షణం సంతోషపడ్డాను కూడా. పొగలోని విషం ఒంట్లోకెక్కితే బుగ్గలు అలా ఎర్రబడతాయని తెలియని వెధవని.

బావ మెట్ల దగ్గరున్న ఎర్ర స్విచ్ కొట్టి ఫర్నేస్ ఆపాడు. ఇద్దరం అక్కను కుర్చీతో సహా ఎత్తి మంచులోకి తెచ్చాం. ఊపిరి ఉందో లేదో తెలియలేదు. బావ ఆమె చెంపల మీద కొడుతున్నాడు. నేను ఆ గొట్టం దగ్గరికి పరుగెత్తి మోపును తన్నాను. గడ్డకట్టి నేలకు అతుక్కుపోయింది, కదల్లేదు. అంబులెన్స్ వచ్చేదాకా పారతో దాన్ని కొడుతూనే ఉన్నాను. అప్పుడు దానివల్ల ఒరిగేదేమీ లేదని నాకూ తెలుసు.

ఇంకో అరగంట ఆలస్యమైతే దక్కేది కాదన్నారు ఆసుపత్రిలో. రెండు రోజులు ఆక్సిజన్ మీద ఉంచారు. బావ ఆ మంచం పక్క నుంచి లేవలేదు, చేతుల మసి కడుక్కోలేదు.

మూడో రోజు అక్క కళ్లు తెరిచింది. మమ్మల్ని పోల్చుకుంది. బావ ఆమె చెయ్యి పట్టుకుని అంతా చెప్పేశాడు. మోపు పెట్టించింది తనే అన్నాడు, కిటికీ మూసింది తనే అన్నాడు. చలినీ, పైపునీ సాకుగా చూపలేదు. అక్క నోరు అతని నోటికేం తీసిపోదు. ఇద్దరం తిట్లకు సిద్ధపడి కూర్చున్నాం.

"వారం రోజులుగా పొగ వాసన వస్తూనే ఉంది" అంది అక్క నీరసంగా.

బావ ఉలిక్కిపడ్డాడు. "మరి నాకెందుకు చెప్పలేదే?"

అదేం ప్రశ్న అన్నట్టు చూసింది అక్క. "ఊరందరి ఫర్నేసులూ చూసేవాడివి. నీ ఇంట్లో అలాంటిది ఎందుకు జరుగుతుందిలే అనుకున్నాను."