కిటికీ మీది గ్లాసు

మీ ఇంట్లో అంట్లు తోమే ఆమె చాయ్ తాగే గ్లాసు ఎక్కడ ఉంటుంది? తొందరపడి జవాబు చెప్పకండి. కులం మీద ఇన్నేళ్లు ఉపన్యాసాలు దంచిన నేనే చెప్పలేకపోయాను.

కోదాడ దారిలో ఒక ఊరి బస్టాపు దగ్గర ఒకామె చాయ్ కొట్టు నడిపేది. పెద్ద కులాల వాళ్లకు గాజు గ్లాసు, మాదిగవాడ వాళ్లకు కాగితం కప్పు. అడిగితే "శుభ్రత కోసమండీ" అనేది. మిర్యాలగూడ రైసుమిల్లులో బస్తాలు మోసే హమాలీ ఒకాయన, ఆ వాడ మనిషే, ఒక పొద్దున గాజు గ్లాసు అడిగాడు. ఆమె ఇవ్వలేదు. సంగతి సూర్యాపేటలోని మా సంఘానికి చేరింది.

మేమెంత సంతోషించామో చెప్పాలంటే సిగ్గేస్తోంది. అన్యాయం మీద ఇన్ని తీర్మానాలు రాశాం కానీ, చేతికి చిక్కిన దోషి ఒక్కరూ లేరు. రెండు కార్లలో వెళ్లాం. మా బ్యానరు ఆమె కొట్టు కంటే పొడుగు. క్షమాపణ నేనే రాసిచ్చాను. 'రాజ్యాంగ విరుద్ధం' దగ్గర ఆమె నాలుక తిరగకపోతే మూడుసార్లు చెప్పించి వీడియో తీశాం. సాయంత్రానికి అది హాలియా దాకా పోయింది. మర్నాటి నుంచి కొట్టు మూతపడింది. పాపం అన్న వాళ్లు మాలోనూ ఉన్నారు. జాలి పడితే ఉద్యమం నీరుగారిపోతుందని వాళ్ల నోళ్లు మూయించింది నేనే.

తర్వాత మిర్యాలగూడలో విజయసభ పెట్టి హమాలీకి శాలువా కప్పాం. మిల్లు నుంచి నేరుగా వచ్చాడు, తలనిండా తవుడు. మైకు అందుకున్నాడు.

"శాలువ ఎందుకు సార్? నేను గ్లాసుల చాయ్ అడిగిన. మీరొచ్చి చాయే లేకుండ జేసిండ్రు."

సభ నవ్వింది. నేనూ నవ్వాను.

"నవ్వకుండ్రి, ఇంక అయిపోలే. ఆమె కొట్టు తెరవాలె. నేను బల్ల మీద కూసోవాలె. గాజు గ్లాసుల పొయ్యాలె. నేను తాగిన గ్లాసు ఆమెనే కడగాలె. రోజూ. వీడియోల దండం పెట్టుడు ఒక్క నిమిషం పని సార్. గంతటితోనే తప్పించుకున్నది."

"అంటే నువ్వు ఆమెను క్షమించావా?" అన్నాను.

"మాఫీ ఎవడిచ్చిండు? కొట్టు తెరువుమన్న, గంతే."

నాకంటే పెద్దవాడు నన్ను 'మీరు' అంటుంటే, సమానత్వ సభలో నేను 'నువ్వు' అన్నాను. అది అప్పుడు తట్టలేదు.

మరుసటి ఆదివారం నేనూ ఆయనా ఇద్దరమే వెళ్లాం. బ్యానరు తేవద్దని ముందే చెప్పాడు. ఇంటికి పోయి పిలిస్తే ఆమె గడపలోనే నిలబడింది.

"మళ్లా వచ్చారా? ఇంకేం మిగిల్చారని?"

"చాయ్ మిగిలింది. పొయ్యి ముట్టియ్ అక్కా" అన్నాడు.

కొట్టు తెరిచింది. గాజు గ్లాసులో పోసింది. ఆయన బల్ల మీద కూర్చుని ఎంత నింపాదిగా తాగాడంటే, ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది. పక్కన కూర్చున్న ఇద్దరు లేచిపోయారు. ఆమె వాళ్లు వెళ్లిన వైపు చూసింది, పిలవలేదు. ఖాళీ గ్లాసు బల్ల మీద ఉంది. ఆమె దాన్ని చూస్తూ నిలబడింది. నా ఉపన్యాసాలన్నిటి కంటే ఎక్కువ సేపు అనిపించింది. తర్వాత తీసుకుని కడిగి, మిగతా గ్లాసుల మధ్య బోర్లించింది.

"రేపొస్తావా?" అంది, ఆయన వైపు చూడకుండా.

"రోజొస్త."

ఇప్పటికీ వెళ్తున్నాడు. ఆ ఇద్దరు ఇంకా రావడం లేదు. ఆ నష్టం ఆమె భరిస్తోంది. నేను రాసిచ్చిన క్షమాపణలో నష్టం భరిస్తానన్న వాక్యం ఒక్కటీ లేదు.

ఆ రోజు ఇంటికొచ్చి మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లాను. వెనక కిటికీ మీద ఒక సొట్ట స్టీలు గ్లాసు, విడిగా. అంట్లు తోమే ఆమెది. తాగి తనే కడుక్కుని అక్కడ పెట్టుకుంటుంది. ఎవరు పెట్టించారని మా ఆవిడను అడిగాను.

"మనిద్దరం కలిసే. ఇన్నేండ్ల సంది ఆ కిటికీ కాన్నే నిలబడి కదా నువ్వు ఉపన్యాసం బట్టీ పట్టేది? మీ సంఘాన్ని పిలుద్దామా? బ్యానర్ మనింట్లనే ఉంది."

కారు తెప్పించలేదు. వీడియో తీయలేదు. ఆ గ్లాసు తెచ్చి మా గ్లాసుల్లో కలిపాను. మర్నాడు ఆమెను కుర్చీలో కూర్చోమంటే నాకేదో జబ్బు చేసిందనుకుంది. ఆమె తాగిన గ్లాసు నేను కడిగాను. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అబద్ధమెందుకు, ఆగింది.

ఇది చదివాక లేవండి. మీ కిటికీ మీది గ్లాసు తీసి మీ గ్లాసుల్లో కలపండి. రేపు ఆమె తాగాక మీ చేతులతో కడగండి. ఎల్లుండి కూడా.